బ్యాటరీల ఎల్లారావు పగ

వైజాగ్ పెదజాలారిపేటలో పుట్టి, సముద్రం మీదికి వెళితే వాంతులు చేసుకునే మగాడు ఒక్కడే ఉన్నాడు. అతని పేరు ఎల్లారావు. పద్నాలుగో ఏట తండ్రి బోటెక్కించి తీసుకెళితే హార్బరు దాటీ దాటకముందే పేగులు నోట్లోకి వచ్చినంత పనైంది. మూడుసార్లు తీసుకెళ్ళారు. మూడుసార్లూ అందరూ వల లాగుతుంటే తను బోటు అంచు పట్టుకుని వేలాడాడు. నాలుగోసారి తండ్రి పిలవలేదు. పేటలో చిన్నా పెద్దా అంతా నవ్వుకున్నారు. వేటకి పోలేని జాలరివాడికి ఆ పేటలో ఏం పేరుంటుంది చెప్పండి? ఏ పేరైనా సంపాదించుకుంటే ఒడ్డు మీదే సంపాదించుకోవాలి.

సంపాదించుకున్నాడు కూడా. పాత పోస్టాఫీసు దగ్గర ఒక బ్యాటరీ షాపులో చేరి, చేతుల నిండా యాసిడ్ మచ్చలు పడేదాకా, చొక్కాలన్నీ జల్లెడలయ్యేదాకా పని నేర్చుకున్నాడు. ఏటా ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వస్తుంది కదా, రెండు నెలలు బోట్లన్నీ హార్బరులో కట్టేసి ఉంటాయి. ఇంజను తిప్పడానికీ లైట్లకీ ఉండే బ్యాటరీలని అలాగే బోట్లో వదిలేస్తే జూన్లో అవి లేవవు. ఎల్లారావు వాటిని విప్పి రిక్షా మీద ఇంటికి తెచ్చేవాడు. వంటసోడా కలిపిన నీళ్ళతో ఉప్పుచిలుము కడిగి, పొడిగుడ్డతో తుడిచి, చెక్కల మీద వరసగా పెట్టి, నిండా ఛార్జింగు ఎక్కించేవాడు. ఒక్కో సెల్లులో డిస్టిల్డ్ వాటరు ఎంతుందో చూసి, గాజుగొట్టంతో లోపలి యాసిడ్ పీల్చి చిక్కదనం కొలిచేవాడు. పదిహేను రోజులకోసారి మళ్ళీ అదంతా. అలా పద్దెనిమిది నిషేధాలు గడిచాయి. అతని చేతిలో ఒక్క బ్యాటరీ చావలేదు. నవ్విన నోళ్ళే అతన్ని బ్యాటరీల ఎల్లారావు అని పిలవడం మొదలెట్టాయి. ఆ పేరు తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. ఆ పేరు జోలికి వస్తే ఎవణ్ణయినా కొట్టేటంత కోపమూ ఉంది.

మధురవాడ దాటాక సముద్రం వైపు ఒక పెద్ద విల్లాల లేఅవుట్ ఉంది. అందులో చివరి విల్లా శివరామకృష్ణగారిది. తండ్రి కృష్ణా జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చిన మనిషి. కొడుకైన ఈయన రొయ్యల ఎగుమతిలో దిగి ఎక్కడికో ఎదిగిపోయాడు. భార్య తాయారుగారికి మోకాళ్ళ నొప్పులు. ఇంటి నుంచి బీచి గేటు దాకా ఆవిడ నడవలేదని ఆయన ఒక గోల్ఫ్ కార్టు కొన్నాడు. గోల్ఫ్ కర్ర ఎటు వైపు పట్టుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు లెండి. సీటు కింద ఆరు బ్యాటరీలు ఉంటాయి. ఆ బండికి పెట్రోలైనా డీజిలైనా అవే. మొగుడూ పెళ్ళాలు కార్తీకంలో వచ్చి శివరాత్రి దాకా ఉంటారు, మిగతా నెలలన్నీ సింగపూర్లోనే. అన్ని నెలలు కదలని బండిని కనిపెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ విల్లాలో ఊడ్చి తుడిచే చిలకమ్మ, మా ఆయన ఉన్నాడమ్మగారూ అని చెప్పింది. చిలకమ్మ ఎల్లారావు పెళ్ళాం.

ఎల్లారావుకి ఇదేం కొత్త విద్య కాదు. నిషేధంలో బోటుకి చేసేదే ఇక్కడ బండికి చేశాడు, కాకపోతే రెండు నెలలకి బదులు ఎనిమిది నెలలు. సారువాళ్ళు విమానం ఎక్కిన మర్నాడే బ్యాటరీలు కడిగి, నిండా ఛార్జింగు పెట్టి, మెయిను కేబులు విప్పేసేవాడు. విప్పకపోతే బండి నిలబడే కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూ ఉంటుంది. టైర్లలో గాలి చూసి, చక్రాల కింద చెక్కలు పెట్టేవాడు. నెలకోసారి వచ్చి మళ్ళీ ఛార్జింగు పెట్టి, గేటు రిజిస్టరులో సంతకం చేసి వెళ్ళేవాడు. మూడేళ్ళు తాయారుగారు వచ్చిన రోజునే బండెక్కి బీచికి వెళ్ళింది.

నాలుగో ఏడు ఉమామహేష్ వచ్చాడు. మద్దిలపాలెం మనిషి, విల్లాకి మేనేజరుగా చేరాడు. తెల్ల షూసు, చెవిలో ఎప్పుడూ ఫోను. పెళ్ళి కాబోయే జంటలు బీచి దగ్గర ఫోటోలు దిగడానికి వస్తారు కదా, వాళ్ళకి ఈ బండి చూపిస్తే డబ్బిచ్చి మరీ ఎగబడతారని అతనికి తట్టింది. జులైలో ఎల్లారావుకి ఫోను చేసి, బయటివాళ్ళని షెడ్డులోకి రానివ్వద్దని సారు కొత్త రూలు పెట్టారు, ఛార్జింగు నేనే పెట్టుకుంటాను, నువ్వు రావద్దు అన్నాడు. ఎల్లారావు నమ్మాడు. అక్కడే దెబ్బతిన్నాడు. సాయంకాలం ఎండ పచ్చగా పడే వేళకి, చిలకమ్మ పని ముగించుకుని వెళ్ళిపోయాక, జంటలు ఆ బండెక్కి ఇసక దాకా వెళ్ళి వచ్చేవి. కరెంటు అడుగంటితే బండిని షెడ్డులోకి తోసి మర్చిపోయేవాడు ఉమామహేష్. ఖాళీ అయిన బ్యాటరీని నెలల తరబడి అలా వదిలేస్తే లోపలి ప్లేట్లు తెల్లగా గట్టిపడిపోతాయి. ఇక ఏం పెట్టినా అది తీసుకోదు.

కార్తీకంలో సారువాళ్ళు వచ్చారు. బండి కదల్లేదు. ఎల్లారావుని పిలిపించి, తోటమాలులూ సెక్యూరిటీవాళ్ళూ అందరూ చూస్తుండగా పోర్టికో ముందు నిలబెట్టారు. నాలుగు నెలలుగా ఇటు తొంగి చూడలేదు సార్ అని ఉమామహేష్ గేటు రిజిస్టరు తెచ్చి తెరిచాడు. ఎల్లారావు ఫోను సంగతి చెప్పాడు. నేనెప్పుడు ఫోను చేశానని అతను నోరు తెరిచి ఆశ్చర్యపోయాడు. తర్వాత సారు వైపు తిరిగి మెల్లిగా అన్నాడు.

"సేపలోళ్ళకి సేపలే తెలుత్తాయి సార్. బేటరీలు వాళ్ళ సేతిలో పెట్టడం మనదే తప్పు."

శివరామకృష్ణగారు ఇంకేమీ అడగలేదు, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. తాయారుగారు ముఖం పక్కకి తిప్పుకుంది. పోర్టికో నుంచి గేటు దాకా నూటయాభై అడుగులు. ఎల్లారావుకి తల కొట్టేసినట్టయింది. చేపలు పట్టలేడని పేటంతా నవ్వినవాణ్ణి, చేపలు తప్ప ఏమీ తెలియనివాడని వెళ్ళగొట్టారు. కడుపు మండదా మరి?

ఫోటోల సంగతి తర్వాత ఒక తోటమాలి చిలకమ్మ చెవిలో వేశాడు. సాక్ష్యం చెబుతావా అంటే మాత్రం, నాకు పిల్లలున్నారు తల్లీ అని తప్పుకున్నాడు. పోనీ వదిలెయ్యి మావా అని చిలకమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఎల్లారావు వదిలేవాడేమో కూడా. కాని మాట హార్బరు దాకా నడిచి వచ్చింది. ఏప్రిల్లో నిషేధం మొదలైన రోజున మూడు బోట్ల సూరన్న, ఏటా మొదట ఎల్లారావు గడప తొక్కే సూరన్న, తన బ్యాటరీలని ఆటోలో వేసుకుని ఎదురుపడ్డాడు. మద్దిలపాలెంలో ఏదో షాపుకి పట్టుకెళుతున్నానని నసిగాడు. పోతూ పోతూ నవ్వుతూ ఒక మాట విసిరాడు.

"ఏటి బావా, గోల్ఫ్ బండి బేటరీలు సంపేసేవంట కదా."

సూరన్నని చూసి మిగిలినవాళ్ళూ అదే దారి పట్టారు. ఏటా నలభై బ్యాటరీలు వరస తీరే చెక్కల మీద ఆ ఏడాది ఏడంటే ఏడు చేరాయి. వాటిలోనూ రెండు పాతవి. ఖాళీ చెక్కలు చూసిన ప్రతిసారీ ఎల్లారావు పళ్ళు పటపట కొరికాడు. కొట్టాలని లేదు, తిట్టాలని లేదు. అదే పోర్టికో ముందు, అదే జనం ఎదట, ఉమామహేష్ చేతిలో బ్యాటరీలు చావాలి. అతను ఆ నూటయాభై అడుగులూ నడవాలి. తను కళ్ళారా చూడాలి. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా ఇదే ఆలోచన.

కోరుకున్న అదను దానంతట అదే ఇంటికి వచ్చింది. ఏప్రిల్ నెలాఖరున చిలకమ్మ పని నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే, ఉమామహేష్ నిన్నొక మాట అడగమన్నాడు మావా అంది. చచ్చినవాటి బదులు సారు వేయించిన కొత్త బ్యాటరీల్లో నీళ్ళు తగ్గాయట. డిస్టిల్డ్ వాటరు డబ్బా అయిపోయిందట. తాగే మినరల్ వాటరు టిన్ను ఉంది కదా, అది పొయ్యొచ్చా అని అడిగాడట.

ఎంత ధైర్యమో చూడండి! ఒక మనిషి పరువు తీసి, మళ్ళీ ఆ మనిషి దగ్గరికే సలహాకి పంపుతాడా? పంపుతాడు. ఎల్లారావు బ్యాటరీలు చంపలేదని ఆ లేఅవుట్లో నిజంగా తెలిసినవాడు ఉమామహేష్ ఒక్కడే. ఆ పనిలో ఎల్లారావుని మించినవాడు లేడని అబద్ధం ఆడినవాడికే బాగా తెలుసు. అందుకే అడిగాడు.

ఎల్లారావు చేతిలో ఉన్న గుడ్డ కింద పెట్టాడు. ఆ లేఅవుట్ బోరు నీళ్ళు ఉప్పు. వాటినే వడగట్టి, రుచికి ఏవో లవణాలు కలిపి టిన్నులో పోసి మినరల్ వాటరంటారు. మనిషి తాగితే ఏం కాదు. బ్యాటరీ తాగితే నెల నెలా కొంచెం కొంచెంగా చస్తుంది. ఈ ముక్క షాపులో చేరిన మొదటి రోజునే నేర్పుతారు.

"మినరల్ వాటరు కన్నా మంచి నీల్లేటున్నాయే," అన్నాడు ఎల్లారావు. "పొయ్యమను. నిండా పొయ్యమను. తక్కువైతే ప్లేట్లు ఎండిపోతాయి."

చిలకమ్మ అతని వంక చూసి నవ్వింది. అంత మాట అన్నవాడు అడిగితే కూడా కాదనకుండా చెప్పాడు, మా ఆయన మనసు వెన్న అనుకుంది. పైకి అనేసింది కూడా. ఆ పూట నెత్తళ్ళ చేపలు వేయించి, ఆఖరి నాలుగూ అతని కంచంలోనే వేసింది. ఎల్లారావు తలెత్తకుండా తిన్నాడు. ఆ రోజు నిజంగా ఆకలేసింది అతనికి.

ఇక అక్కడి నుంచి నెలకో ప్రశ్న వచ్చేది. చిలకమ్మ ప్రశ్న తెచ్చేది, జవాబు పట్టుకెళ్ళేది. మెయిను కేబులు విప్పాలా అంటే, కొత్త బ్యాటరీలకి అక్కర్లేదన్నాడు. ఛార్జింగు పెడితే పైనుంచి నీళ్ళు పొంగుతున్నాయంటే, పొంగింది పొంగనిచ్చి తగ్గినంతా మళ్ళీ నింపమన్నాడు. పొంగి పోయేది యాసిడ్, నింపేది ఉప్పు నీళ్ళు. నాలుగుసార్లు అలా జరిగితే లోపల మిగిలేది మజ్జిగ మీది తేటే. ఎల్లారావు తన ఇంట్లో కూర్చుని, చూడకుండానే, బ్యాటరీకి నాలుగు చొప్పున ఆ ఇరవై నాలుగు సెల్లుల్లో ఏ నెల ఏమవుతోందో చెప్పగలిగేవాడు. జూన్లో వైర్ల కొసలు పచ్చబడి ఉంటాయి. ఆగస్టులో డబ్బాల పక్కలు ఉబ్బుతాయి. దసరాకి సగం పోతాయి. జీవితంలో మొదటిసారి అతను బ్యాటరీని చంపుతున్నాడు, అదీ ముట్టుకోకుండా. అందులో కూడా పనితనం ఉంటుందని తెలిసి మీసం కింద నవ్వుకున్నాడు.

ఒక్కసారి మాత్రం ఉలిక్కిపడ్డాడు. షెడ్డు ఊడవడానికి వెళితే గొంతు పట్టేసే వాసన వస్తోందని చిలకమ్మ అంది. ఆ షెడ్డులో అడుగు పెట్టొద్దని గట్టిగా కసిరాడు. అది యాసిడ్ ఆవిరి అని తెలిసీ, ఎందుకంటే చెప్పలేదు. చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కాని పగ అంతలా పట్టింది, సగంలో దిగలేకపోయాడు.

కార్తీకం వచ్చింది. సారువాళ్ళు దిగిన మర్నాడు ఎల్లారావు ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చిలకమ్మ మర్చిపోయిన టిఫిను డబ్బా పట్టుకుని లేఅవుట్‌కి బయల్దేరాడు. నిజానికి ఆ డబ్బాని పొద్దున తనే తలుపు వెనక పెట్టాడు. గేటులో ఉన్న సెక్యూరిటీ అతను పాత పరిచయం కొద్దీ లోపలికి వదిలాడు. పోర్టికోకి కొంచెం ఇవతల నిలబడ్డాడు.

సరిగ్గా అనుకున్నట్టే జరిగింది. తాయారుగారు బండెక్కింది. శివరామకృష్ణగారు పెడలు తొక్కాడు. సీటు కింద టిక్కుమంది, అంతే. మళ్ళీ తొక్కాడు, మళ్ళీ టిక్కుమంది. దిగి సీటు ఎత్తి చూశాడు. ఆరు బ్యాటరీలూ పక్కలు ఉబ్బి, తెల్లగా పచ్చగా బూజు పట్టి, కింద ఇనపఫ్రేము తుప్పుతో పెచ్చులు ఊడి కనిపించాయి. ఏడాది తిరగలేదు, ఇదేంటయ్యా అని ఆయన అరుపు గేటు దాకా వినిపించింది. తోటమాలులు వచ్చారు. ఉమామహేష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎల్లారావు గుండె పండగ చేసుకుంది. ఇదీ, ఇదే నేను అడిగింది అనుకున్నాడు.

కాని ఉమామహేష్ లాంటివాడు ఒంటరిగా మునుగుతాడా? ఎప్పుడూ తన కింద ఇంకొకర్ని పెట్టుకునే మునుగుతాడు.

"నాను సొంతంగా ఏటీ సెయ్యలేదు సార్. చిలకమ్మ ఏటి సెప్తే అదే సేసేను. మినరల్ వాటరు పొయ్యమన్నాది, పోసేను."

గుమ్మం తుడుస్తున్న చిలకమ్మ చేతిలో గుడ్డ వదిలేసి ముందుకు వచ్చింది. భయపడలేదు. నలుగురి ముందూ తల ఎత్తి మాట్లాడింది.

"అవునండి, నానే సెప్పేనండి. మా ఆయన్ని అడిగి సెప్పేను. ఏళ్ళ తరబడి హార్బర్లో బోట్ల బేటరీలు సూత్తన్నాడండి. ఆ సేతిలో ఒక్కటీ పోలేదు. ఆయన తప్పు సెప్పడు బాబూ. ఇంకేటో జరుగుంటాది."

అప్పుడు ఉమామహేష్ ఎల్లారావుని చూశాడు. క్షణంలో లెక్క కట్టాడు. బ్యాటరీల మనిషితో తగవు కన్నా ఊడ్చే ఆడమనిషి మీదికి తోసేయడం తేలిక.

"ఎల్లారావు అలాగ సెప్పడు సార్," అన్నాడు. "బేటరీల్లో ఆయన్ని మించినోడు వైజాగ్‌లో లేడు. డిస్టిల్డ్ వాటరని సెప్పుంటాడు. ఈవిడే కలగాపులగం సేసేసుంటాది."

వినండి, పగవాడి నోటి నుంచే వచ్చింది. ఏడాదిగా ఎల్లారావు తపించిన మాట, అదే పోర్టికో ముందు, అదే జనం ఎదట. ఇక అతను ఏమీ అనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. పోయిన పేరు తిరిగి వస్తుంది. సూరన్న రేపే బ్యాటరీలు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు. చిలకమ్మకి మతిలేదని నలుగురూ నవ్వి, మానిపించేస్తారు. ఇంకో ఇంట్లో పని దొరక్కపోతుందా?

"చెప్పవయ్యా," అన్నాడు శివరామకృష్ణగారు. "నువ్వు పొయ్యమన్నావా, లేదా?"

చిలకమ్మ అతని వైపే చూస్తోంది. ఏ అనుమానమూ లేని చూపు అది. తప్పు తనదీ కాదు, ఆయనదీ కాదని, నిజం మూడోది ఏదో ఉందని, అది ఆయనకి తెలుసనీ నమ్మిన చూపు.

ఎల్లారావు టిఫిను డబ్బా అరుగు మీద పెట్టాడు.

"నానే పొయ్యమన్నాను బాబూ. పోత్తే సత్తాయని తెలిసే సెప్పేను. కేబులు తియ్యొద్దన్నదీ నానే. దానికేటీ తెల్దు."

తర్వాత అతను గబగబా మిగతాదంతా చెప్పుకొచ్చాడు. కిందటేడు ఫోను, జంటలు, ఫోటోలు, ఇసక దాకా బండి షికార్లు. చెబుతూనే తెలిసిపోయింది, ఒక్క ముఖంలోనూ ఆ మాట దిగడం లేదని. ఆ తోటమాలి నేల చూశాడు. ఉమామహేష్ పెదవుల మీద నవ్వు మొలిచింది. చూశారా సార్, కిందటేడు కూడా ఈయన పనే అని ఒక్క ముక్క అన్నాడు, అది చాలింది. చేతులారా ఇప్పుడు చంపానని ఒప్పుకున్నవాడు అప్పుడు చంపలేదంటే ఎవరు నమ్ముతారు? పోలీసులకి చెబుతానని శివరామకృష్ణగారు ఇంతెత్తున లేచాడు. తాయారుగారే ఆపింది. అతన్ని గేటు బయటికి పంపండి, చిలకమ్మ మాత్రం ఉంటుంది అని ఆవిడ తేల్చేసింది. షెడ్డు తాళం ఉమామహేష్ దగ్గర కూడా ఉంచకుండా తనే తీసుకుంది. ఎల్లారావు పగకి దక్కిన ఫలం అంతే, ఒక తాళంచెవి చేతులు మారింది.

నూటయాభై అడుగులు మళ్ళీ అతనే నడిచాడు. బస్‌స్టాపులో రెండు గంటలు కూర్చున్నాడు. పని ముగించుకుని చిలకమ్మ వచ్చింది. పక్కన కూర్చోలేదు, స్తంభం దగ్గర నిలబడింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి. ఏదైనా తిడుతుందని ఎదురు చూశాడు. తిట్టలేదు. ఉండబట్టలేక అతనే అడిగాడు, రేపు పనికి ఎల్తావా అని.

"ఎల్తాను," అంది చిలకమ్మ. రోడ్డు వైపు చూస్తూనే ఇంకో మాట అంది. "ఎవులేటి అడిగినా, మా ఆయన్ని అడిగి సెప్తానని మాత్రం ఇంకెప్పుడూ అనను."

మూడో బస్సు వచ్చింది. ఆమె ముందు తలుపు నుంచి ఎక్కింది. అతను వెనక తలుపు నుంచి ఎక్కాడు.